సీటు కింద నంబరు

దర్జీల వీధి మలుపు, వ్యాన్ ముందు సీటు
మార్చి 4

అక్కా,

ఫోన్ చేస్తే, "ఒరేయ్ వాగుడుకాయా, నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వవు, ఏదైనా ఉంటే రాసి పంపు" అంటావు. సరే, కాగితం మీద రాసి ఫోటో తీసి ఫోన్‌కి పంపుతున్నా. నడిమధ్యలో ఆపలేవుగా ఇప్పుడు!

విషయం చిన్నదే. మన వ్యాన్‌కి పదిహేనేళ్లు నిండుతున్నాయి. మే నెలాఖరుకి రిజిస్ట్రేషన్ అయిపోతుందని మెసేజ్ వచ్చింది. ఈలోగా కొత్తగా చేయించుకోకపోతే రోడ్డెక్కకూడదట. వ్యాన్ రోడ్డెక్కకపోతే నా సాన చక్రం ఎక్కడ తిరుగుతుంది చెప్పు? ఇంట్లో కూర్చుని మీ మరదలి కూరగాయల కత్తి ఒక్కటే పొద్దున్నా సాయంత్రం నూరుకోవాలి. పది రోజులకి అది సూదైపోతుంది.

ఇదివరకైతే ఏజెంటు చుట్టూ తిరిగేవాళ్లం. ఇప్పుడంతా ఆన్‌లైన్. మంగలి షాపాయన "నీ వల్ల కాదులే" అన్నాడు. ఎందుక్కాదు? నాలుగొందల కత్తెర్లు ఏది ఎవరిదో చూడకుండా చెప్పేవాణ్ణి, ఒక ఫారం నింపలేనా? అడిగేవి కూడా పెద్దవేం కావు. పేరు, చిరునామా, కొన్న బిల్లు, ఛాసిస్ నంబరు ఫోటో, ఇంజన్ నంబరు ఫోటో. నీ వ్యానూ నా వ్యానూ ఒకే రోజు ఒకే షోరూములో తీసుకున్నాం కదా, బిల్లుల నకళ్లు నీ దగ్గరే ఉండాలి. నాది పంపు.

ఇంజన్ నంబరు డ్రైవర్ సీటు కింద మూత విప్పితే కనిపిస్తుందట. పదిహేనేళ్లుగా దాని మీదే కూర్చున్నా, ఒక్కసారీ కిందకి చూసిన పాపాన పోలేదు. ఆ సంగతులన్నీ నువ్వే చూసేదానివి కదా.

నీ నడుము ఎలా ఉంది? నిన్న కూడా మన ఊరి క్యాంటీన్ వంటమాస్టరు నిన్ను అడిగాడు. "మా అక్క ఓపిక లేక నడుము నొప్పి అని చెప్పి ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో కుర్చీ ఉద్యోగం చూసుకుంది, నా ఇంజన్ మాత్రం ఒక్కరోజు కూడా సెలవడగలేదు" అన్నా. ఆయన కత్తులు అందించాడు. నవ్వలేదెందుకో. మంచి జోకే కదా?

పాప నిన్ను అడుగుతోంది. స్పీడోమీటర్ పక్కన నేను అంటించిన కత్తెర స్టికర్ కావాలని ఒకటే గోల. అది వ్యాన్ అదృష్టం, ఇవ్వనన్నా.

బిల్లు పంపు. ఆదివారానికల్లా పని అయిపోతుంది.

నీ తమ్ముడు


టూల్‌రూమ్ క్యాంటీన్, కిటికీ పక్క బల్ల
మార్చి 6

తమ్ముడూ,

బిల్లు పంపుతున్నా. పేజీ చివర ముద్ర కూడా ఫోటోలో పడేలా చూసుకో.

సీటు కింద మూత విప్పకు. ఆ బోల్టులు పట్టేసి ఉంటాయి. నువ్వు బలం చూపిస్తావు, తలలు తెగిపోతాయి. ఏప్రిల్ చివర్లో నాకు నాలుగు రోజులు సెలవు దొరకొచ్చు. నేనొచ్చి చేస్తా. గడువు మే నెలాఖరు కదా, తొందరేముంది?

ఈలోగా కాగితాలు అప్‌లోడ్ చేసుకో. ఫోటోల జోలికి వెళ్లకు.

నడుము బాగుంది.

అక్క


ఇంటి వరండా, మడతకుర్చీ
మార్చి 15

అక్కా,

కోప్పడకు. విప్పేశా.

ముందు నుంచి చెప్తా. శనివారం కూర్చున్నా. మొదటి పేజీలోనే నేను మనిషినో కాదో తేల్చుకోవాలంది. సిగ్నల్ లైట్లున్న గళ్లు నొక్కమంది. మూడుసార్లు తప్పాను. మీ మరదలు వెనకనుంచి చూసి, "నాకు పెళ్లైన కొత్తలోనే అనుమానం వచ్చింది" అంది. నాలుగోసారి నెగ్గాను. చిరునామా నింపేసరికి "సమయం ముగిసింది" అని బయటకి తోసేసింది. మళ్లీ మొదటినుంచి. నువ్వైతే ఆ ఫోన్ని విప్పి బాగుచేసేదానివి.

ఛాసిస్ ఫోటో ఒక్కదెబ్బకి తీసుకుంది. ఇంజన్ ఫోటో లేకుండా మాత్రం ముందుకి కదలనంది. నువ్వొచ్చేదాకా ఆగుదామనే అనుకున్నా, నిజం. కానీ ఫారం సగంలో ఉంటే నాకు అన్నం సయించదు. బోల్టులకి నూనె పోసి, గంటసేపు నానబెట్టి, మెల్లగా తిప్పా. ఒక్క తల కూడా తెగలేదు. మెచ్చుకో.

లోపల చూస్తే ఏముంది, గ్రీజూ మట్టీ తుప్పూ కలిసి అట్టకట్టి ఉన్నాయి. అంకెలు ఒక్కటీ ఆనవు. గుడ్డతో తుడిచా, పోలేదు. అప్పుడు అనుకున్నా, తుప్పు వదిలించడం నాకెవరైనా నేర్పాలా? చేతి గ్రైండర్‌కి సన్నరాయి బిగించి రెండు రౌండ్లు వేశా. అక్కా, అద్దం! మొహం చూసుకోవచ్చు! దర్జీ తాత తొంగిచూసి, "నా కత్తెరకి ఎప్పుడైనా ఇంత మెరుగు పెట్టావట్రా" అని మూతి ముడుచుకున్నాడు.

తుప్పంతా పోయింది. దాంతోపాటు చివరి మూడు అంకెలు కూడా పోయాయి.

ఆ ఫోటోనే పెట్టా, ఇంకేం చేస్తా. నాలుగు రోజులకి జవాబొచ్చింది. "ఇంజన్ నంబరు చెరిపినట్లు కనబడుతోంది, ఏప్రిల్ 21న వాహనాన్ని తనిఖీకి తీసుకురావలెను" అని. ఫర్వాలేదు. వెళ్తా. నేను సానపట్టేవాణ్ణి, చెయ్యి అలవాటుకొద్దీ నడిచిందని చెప్తా. నవ్వుకుని సంతకం పెడతారు.

ఒక్కటే వింతగా ఉంది. ఆ మూడింట్లో మధ్య అంకె పైసగం మిగిలింది. చూస్తే ఏడులా ఉంది. నా కాగితంలో ఆ చోట మూడు ఉంది. షోరూములోవాళ్లు తప్పు రాసుంటారు, ఇన్నేళ్లూ ఎవరూ చూసుండరు. పనిలో పని అదీ దిద్దించేస్తా.

నీ తమ్ముడు


టూల్‌రూమ్ క్యాంటీన్
మార్చి 16

ఆ మిగిలిన సగం అంకెని ముట్టుకోకు. తుడవకు. దాని మీద ఏమీ పూయకు.

అది ఏడేనా? మళ్లీ చూసి రాయి.

అక్క


దర్జీల వీధి మలుపు
మార్చి 17

అక్కా,

ఏడే. భూతద్దం పెట్టి దర్జీ తాత చూశాడు, నేను చూశా, పాప కూడా చూసింది. పాపకి ఏడు రాయడం ఈ మధ్యే వచ్చింది కాబట్టి దాని మాట నమ్మొచ్చు.

ఎందుకలా అడిగావు? నీ ఉత్తరాలు ఎప్పుడూ పొట్టివే గానీ, ఇది మరీ నిప్పులా ఉంది. మంగలి షాపాయన అప్పటికే నా చెవిలో ఊదాడు. నంబరు అరగదీసిన ఇంజన్ని దొంగసొత్తు అనుకుంటారట. కాగితానికీ ఇంజన్‌కీ పొంతన కుదరకపోతే వ్యాన్ని అక్కడే ఆపేసి తాళం తీసుకుంటారట. నవ్వేశా. నవ్వాక ఇంటికొచ్చి ఆ ఏడుని ఇంకోసారి చూశా.

నీకేమైనా తెలుసా?

తమ్ముడు


నా గది, బల్ల ముందు
మార్చి 20

తమ్ముడూ,

మూడు రోజులు పట్టింది ఇది రాయడానికి. మధ్యలో ఆపకుండా చదువు.

అది నీ ఇంజన్ కాదు. నాది.

పాప పుట్టిన వారం గుర్తుందా? నువ్వు ఆస్పత్రిలో మరదలి దగ్గరే ఉన్నావు. దానికి ముందురోజు వ్యాన్ ఏదో చప్పుడు చేస్తోంది చూడు అని నాకు అప్పగించి వెళ్లావు. చప్పుడు కాదు, అది చావుకేక. లోపల చుక్క ఆయిల్ లేదు. పిస్టన్లు పట్టేసి, ఇంజన్ దిమ్మె నిలువునా పగిలింది. ఆయిల్ తగ్గితే ఎర్ర లైటు వెలుగుతుంది కదా, అంత మొద్దులా ఎలా నడిపాడబ్బా అని చూస్తే, ఆ లైటు మీద కత్తెర స్టికర్ ఉంది. కళ్లకి గుచ్చుకుంటోందని అంటించావు. నీ అదృష్టపు స్టికర్ కథ అదీ. పీకితే ఎందుకని అడుగుతావని అలాగే వదిలేశా.

ఆ వారమే నీకు పెద్దాస్పత్రి వంటశాల కత్తుల పని మొదలవ్వాలి. కొత్త ఇంజన్ దొరకడానికి నెల పడుతుందన్నారు. పక్కనే నా వ్యాన్ ఉంది. అదే మోడల్, అదే ఇంజన్. రెండు రోజుల్లో మార్చేశా. నువ్వు తిరిగొచ్చి స్టార్ట్ చేసి, "అక్కా, నీ చెయ్యి పడితే పాతదైనా కొత్తదవుతుంది" అన్నావు. నేను ఊరుకున్నా.

చెబితే నువ్వు ఒప్పుకోవు. ఒప్పుకున్నా, వ్యాన్ మైకులో ఊరంతా చాటుతావు. అది ఒక కారణం.

రెండోది చెప్పడం కష్టం. ఆ చప్పుడు వచ్చేనాటికే, పనిముట్లూ అచ్చులూ చేసే ఈ టూల్‌రూమ్ నుంచి ఉద్యోగానికి పిలుపు నా సంచీలో ఉంది. పదిహేను రోజులుగా ఉంది. నాకు చక్రం ఇష్టం, ఇనుము ఇష్టం. వీధి వీధికీ వెళ్లి "కత్తెర్లూ, కత్తులూ" అని అరవడం ఏనాడూ ఇష్టం లేదు. కానీ ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. నువ్వు ఎదురుగా కూర్చుని రేపటి గురించి గంటలు గంటలు చెప్తుంటే, నేను వెళ్లిపోతానురా అని ఎలా అనను? నీ ఇంజన్ పగిలిన రోజు నాకు దారి దొరికింది. నడుము నొప్పి అన్నా, నా వ్యాన్ అమ్మేశానన్నా. నువ్వు నమ్మావు. కాబట్టి దీన్ని త్యాగం అని పేరు పెట్టకు. నన్ను పటం కట్టి గోడకి తగిలించకు. నాకు నచ్చిన పనిలో ఉన్నాను.

తప్పు ఒక్కటి చేశా. ఇంజన్ మార్చినట్టు నీ వ్యాన్ కాగితాల్లో ఎక్కించాలి. దానికి నీ సంతకం కావాలి. సంతకం అడిగితే సంగతి చెప్పాలి. ఇవాళ, రేపు అనుకుంటూ ఆరేళ్లు గడిపేశా. అందుకే మూత విప్పొద్దన్నా. సెలవులో వచ్చి, నీకు ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నా. అయినా నీ గ్రైండర్‌ని మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. లోకంలో ఇంకే మనిషీ ఇంజన్ నంబరుకి సానపట్టడు.

ఇప్పుడు పని సంగతి విను. వ్యాన్లు కొన్న రోజే రెండు ఇంజన్ల నంబర్ల మీదా కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి నోట్‌బుక్‌లో పెట్టుకున్నా. చివరి మూడు అంకెలే తేడా. నీది 436. నాది 472. నా వ్యాన్ బాడీని తుక్కుకి ఇచ్చినప్పుడు, ఇంజన్ తీసి ఉంచుకున్నామని రాసిన రసీదు కూడా ఉంది. రెండూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నా. అదే వెబ్‌సైటులో "ఇంజన్ మార్పు" అని వేరే ఫారం ఉంటుంది. అది నింపు. నిజం ఉన్నదున్నట్టు రాయి. తనిఖీకి ముందే రాయి. వాళ్లు కనిపెట్టాక చెబితే ఎవరూ నమ్మరు, వ్యాన్ పోతుంది.

అక్క


ఇల్లు
ఏప్రిల్ 5

అక్కా,

నోట్‌బుక్, రసీదు అందాయి. పని ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తా.

తమ్ముడు


టూల్‌రూమ్ క్యాంటీన్
ఏప్రిల్ 7

తమ్ముడూ,

నువ్వు రెండు ముక్కలు రాసి ఆపేయడం నా జన్మలో చూడలేదు. జ్వరమా? మరదలికి ఫోన్ చేస్తే "ఒంట్లో బానే ఉంది వదినా, నోరే మూతపడింది" అంది.

తిట్టాలనుంటే తిట్టు. పడతాను. కానీ ఇరవై ఒకటిలోపు ఫారం నింపు.

అక్క


వంటమాస్టరు క్యాంటీన్ వెనక గుమ్మం, వ్యాన్ వెనక మెట్టు
ఏప్రిల్ 12

అక్కా,

ఫారం నింపేశా. ఒక్క ఊపులో. నేను మనిషినేనని మొదటిసారికే ఒప్పుకుంది.

ఇప్పుడు తిడతా. ఇంజన్ ఇచ్చినందుకు కాదు. వెళ్లిపోవాలనుందని నాకు చెప్పనందుకు. నేను వాగుతాను, నిజమే. వాగేవాడికి చెవులుండవా? ఏడ్చేవాణ్ణేమో, రెండు రోజులు మాట్లాడేవాణ్ణి కాదేమో. అది నువ్వు అస్సలు తట్టుకోలేవు మరి. ఆ తర్వాత నీ సామాను నేనే బస్సెక్కించేవాణ్ణి. అదొక్కటే గుచ్చుకుంది అక్కా. మిగతాదంతా తలెత్తుకునేలాగే ఉంది.

పని ఎక్కువగా ఉందన్నది అబద్ధం కాదు. ఆరేళ్లుగా ఏ గుమ్మం దగ్గర దిగితే ఆ గుమ్మం దగ్గర, మా అక్కకి ఓపిక లేక పారిపోయిందని చెప్పానే, ఆ గుమ్మాలన్నీ తిరిగా. ఒక్కొక్కరికీ చెప్పా, "నేను అన్నది తప్పు, ఇది మా అక్క ఇంజన్" అని. దర్జీ తాత కత్తెర కింద పెట్టేసి, "ఇన్నాళ్లూ ఆవిడ మీద కూర్చుని ఆవిణ్ణే వెక్కిరించావన్నమాట" అన్నాడు. తలకాయ ఎక్కడ పెట్టుకోను!

ఆఖరికి వంటమాస్టరు దగ్గరికొచ్చా. ఆయన నవ్వి, "మాకు తెలుసులే" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? మీ అక్క వ్యాన్ వీధి మలుపు తిరుగుతుంటే గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు దగ్గేది. ఆవిడ అరవదుగా, ఆ దగ్గు వినే మేం కత్తులు బయటపెట్టేవాళ్లం. ఆరేళ్ల కిందట ఓ రోజు దగ్గు వినిపించి బయటపెట్టా. దిగింది నువ్వు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు మాట్లాడనిస్తేగా!"

ఊళ్లో వంటవాళ్లందరికీ తెలిసింది నాకొక్కడికే తెలియలేదు. ఇప్పుడు మెట్టు మీద కూర్చుని రాస్తూ ఇంజన్ ఆన్‌లోనే ఉంచా. వింటున్నా. నిజమే, దగ్గుతోంది.

తమ్ముడు


తనిఖీ మైదానం గేటు బయట
ఏప్రిల్ 21

అక్కా,

ఇది రాసేస్తేగానీ బండి నడపలేను.

ఇన్‌స్పెక్టరమ్మ కడ్డీలా నిటారుగా ఉంది, నవ్వు జాడే లేదు. సానపట్టేవాణ్ణండీ అని మొదలుపెట్టబోతే, "ముందు మూత తీయండి" అంది. తీశా. ఆ అద్దపు మెరుగులో ఆవిడ మొహం ఆవిడకే కనిపించింది. "ఇంత శ్రద్ధగా చెరిపినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు" అంది. నా గుండె జారి సీటు కింద పడింది.

నీ నోట్‌బుక్ ఇచ్చా. పెన్సిల్ అచ్చు ఉన్న కాగితాన్ని మిగిలిన సగం ఏడు పక్కన పెట్టి, లెన్సుతో చాలాసేపు చూసింది. ఆ ఏడు పైగీత కుడివైపు కొంచెం కిందకి వంగి ఉంది, అచ్చులోనూ అలాగే ఉంది. రసీదు చదివింది. "ఈ 472 యజమాని ఎవరు?"

"మా అక్కండీ."

"ఆవిడ ఒప్పుకుంటే సరిపోదు, ఒప్పుకున్నట్టు వెబ్‌సైటులో నొక్కాలి. ఇప్పుడే లింకు పంపుతున్నా. అరగంటే పనిచేస్తుంది. రాకపోతే వ్యాన్ ఇక్కడే ఉంటుంది."

అప్పుడు గుర్తొచ్చింది, టూల్‌రూమ్‌లో నీ ఫోన్ లాకరులో పెట్టి తాళం వేస్తారని! మీ గేటుకి ఫోన్ చేశా. షిఫ్టు మధ్యలో పిలవరట. "మా అక్కండీ, ఇంజనండీ" అంటుంటే పెట్టేశాడు. గోడగడియారం కింద నిలబడ్డా. పది నిమిషాలు. పన్నెండు. ఇన్‌స్పెక్టరమ్మ నా వ్యాన్ తాళంచెవి బల్లమీద తన పెన్నుల పక్కన పెట్టుకుంది. నేను, నమ్ము, ఒక్క మాట మాట్లాడలేదు.

పదమూడో నిమిషంలో ఆవిడ ఫోన్ మోగింది. "అంగీకారం వచ్చింది" అంది. తలెత్తి, "మీ అక్క కింద ఒక వాక్యం కూడా రాశారు" అని చదివింది. "ఇంజన్ నేనే నా ఇష్టంతో ఇచ్చాను, నంబరు చెరిపిన మహానుభావుడు మాత్రం వాడే." అప్పుడు నవ్విందక్కా! పక్క బల్లవాళ్లు కూడా తిరిగి చూశారు.

వాళ్ల మనిషి ఒక్కో అచ్చు పెట్టి సుత్తితో కొట్టి నంబరు మళ్లీ వేశాడు. నాలుగు. ఏడు. రెండు. గ్రైండర్ దీని చుట్టుపక్కలకి రాకూడదని ఇన్‌స్పెక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. కొత్త అంకెల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దా. మెల్లగా, నువ్వు రుద్దినట్టు. దీన్ని నీ నోట్‌బుక్‌లో పెట్టి పోస్టులో పంపుతున్నా. రెండూ నీ దగ్గరే ఉంచు.

కత్తెర స్టికర్ నిన్ననే పీకేశా. పాప నుదుటిమీద అంటించుకుని తిరుగుతోంది.

ఫారం ఆఖర్లో, వాహనం గురించి మెసేజ్‌లు ఏ నంబరుకి పంపాలి అని అడిగింది. నింపేశా.

తమ్ముడు


టూల్‌రూమ్ క్యాంటీన్, కిటికీ పక్క బల్ల
మే 9

తమ్ముడూ,

ఆ రోజు గేటువాడు నిన్ను ఊరికే కసిరాడు. నేను షిఫ్టులో లేను. పొద్దున్నే సగం రోజు సెలవు పెట్టి, లాకరు గదిలో బెంచీ మీద ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. పదమూడు నిమిషాలు ఎందుకు పట్టిందంటావేమో. సిగ్నల్ లైట్ల గళ్లు. నేనూ మూడుసార్లు తప్పాను. ఈ సంగతి మరదలికి చెప్పకు.

పెన్సిల్ అచ్చు బాగా వచ్చింది. రెండు చోట్ల గట్టిగా నొక్కావు.

జూన్‌లో వస్తున్నా. ఒకరోజు వంటమాస్టరు క్యాంటీన్ వైపు వ్యాన్ నేను నడుపుతా. నువ్వు పక్క సీట్లో కూర్చుని అరుద్దువుగాని.

ఇవాళ మధ్యాహ్నం లాకరు తెరిచేసరికి నా ఫోన్‌లో మెసేజ్ ఉంది. "మీ వాహనం రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగించబడింది" అని. నాది కాదు, నంబరు తప్పు పడిందని వాళ్లకి జవాబు కొట్టబోయా. సగం కొట్టి, చెరిపేశా.

ఆయిల్ మార్పించు.

అక్క